చిన్న కంపెనీ లాభం పెంచుకోవడానికి ఏడాది ప్లాన్: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా రాసుకోవాలి

మార్చి నెలాఖరులో నా దగ్గరికి లెక్కల పుస్తకాలు పట్టుకొచ్చే యజమానుల్లో సగం మంది ఒకే మాట అడుగుతారు. "పోయినేడాది కోటీ ఎనభై లక్షలు అమ్మాం. ఈసారి రెండు కోట్ల నలభై. మరి డబ్బు ఎక్కడికి పోయిందండీ?" బ్యాంకులో ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్ అప్పు) నిండా వాడేసి ఉంటుంది. గోడౌన్‌లో సరుకు ఉంటుంది. రావాల్సిన బాకీలు రెండు పేజీలు ఉంటాయి. చేతిలో మాత్రం ఏమీ ఉండదు. అయినా సరే, వచ్చే ఏడాది ప్లాన్ ఏమిటని అడిగితే "మూడు కోట్లు కొట్టాలండీ" అంటారు.

మూడు కోట్లు అన్నది కోరిక. అందులో మన దగ్గర ఎంత ఆగాలి, ఆ డబ్బు ఏ సరుకు మీద, ఏ పార్టీ దగ్గర, ఏ ఖర్చులోంచి వస్తుంది అని రాసుకున్నప్పుడు అది ప్లాన్ అవుతుంది. గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల ఎక్కువగా కనిపించే పచ్చళ్ళు, పొడులు, పిండివంటల కంపెనీని ఉదాహరణగా పెట్టుకుని చెబుతాను. అంకెలు లెక్క అర్థం కావడానికి నేను వేసినవి, మీవి వేరుగా ఉంటాయి. మీది ప్రింటింగ్ ప్రెస్ అయినా, ప్లాస్టిక్ పైపుల యూనిట్ అయినా లెక్క వేసే పద్ధతి ఇదే. వారం రోజుల సాయంత్రాలు, ఒక ఎక్సెల్ షీటు చాలు. ఎక్సెల్ రాకపోతే లాంగ్ నోట్‌బుక్ తీసుకోండి, తప్పేం లేదు.

1. ఇప్పటి లాభం నిజంగా ఎంతో తేల్చుకోండి

మన కంపెనీ నెలకు 20 లక్షలు అమ్ముతోంది అనుకుందాం. ఇది జీఎస్టీ తీసేశాక ఉన్న అంకె. బిల్లులో పన్నుతో కలిపి కనిపించే మొత్తాన్ని అమ్మకం అనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఆ పన్ను మనది కాదు, కొన్నాళ్ళు మన అకౌంట్లో చుట్టంలా ఉండి పోతుంది.

లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీలో నెలకు 2 లక్షల లాభం చూపిస్తోంది. సంతోషమే. ఇప్పుడు రెండు ప్రశ్నలు వేసుకోండి. మీరు, మీ ఇంట్లోవాళ్ళు పొద్దున్నుంచి రాత్రిదాకా చేసే పనికి జీతం రాస్తున్నారా? షెడ్డు సొంతదైతే దానికి అద్దె వేస్తున్నారా? రెండూ లేకపోతే, ఆ 2 లక్షల్లో మీ జీతం, మీ షెడ్డు అద్దె దాక్కుని ఉన్నాయి. బయటి మనిషిని మేనేజర్‌గా పెడితే ఎంత ఇస్తారో అంత మీ జీతంగా, అదే షెడ్డు వేరేవాళ్ళకిస్తే ఎంత వస్తుందో అంత అద్దెగా రాయండి. ఇద్దరికీ కలిపి 60 వేలు, షెడ్డుకు 40 వేలు వేస్తే అసలు లాభం లక్ష. అంటే 5 శాతం. ఈ అంకె చూసి చాలామంది ముఖం చిన్నబుచ్చుకుంటారు. ఫరవాలేదు, అంకె ఎంత చిన్నదైనా నిజమైనదైతే దాని మీద ప్లాన్ నిలుస్తుంది.

ఇంటి కరెంటు బిల్లు, పిల్లల ఫీజు, కారు పెట్రోలు కంపెనీ ఖాతాలోంచి పోతుంటే వాటిని పక్కకు తీయండి. అవి లాభాన్ని తక్కువ చేసి చూపిస్తాయి.

పచ్చళ్ళవాళ్ళకు ఇంకో చిక్కు ఉంది. మేలో ఏడాదికి సరిపడా ఆవకాయ కలుపుతారు కాబట్టి ఆ నెల చూస్తే ఘోరమైన నష్టం, నవంబరులో చూస్తే బ్రహ్మాండమైన లాభం. రెండూ అబద్ధమే. కొన్న నెలలో కాకుండా, సీసా అమ్మిన నెలలో ఆ సీసా ఖర్చు రాయాలి. అందుకోసం ఒక్కో సీసా తయారీకి ఎంత పడిందో సీజన్ అయిపోగానే లెక్కగట్టి పెట్టుకోండి.

2. ఖర్చుల్ని రెండు కుప్పలు చేయండి

అమ్మకంతోపాటు కదిలే ఖర్చు ఒకటి: కాయ, కారం, నూనె, సీసా, మూత, లేబుల్, అట్టపెట్టె, లారీ కిరాయి, కమిషన్. అమ్మినా అమ్మకపోయినా కూర్చుని తినే ఖర్చు రెండోది: అద్దె, నెలజీతాలు, వడ్డీ, ఆడిటర్ ఫీజు, లైసెన్సులు.

మన ఉదాహరణలో 20 లక్షల మీద కదిలే ఖర్చు 13 లక్షల 60 వేలు. మిగిలేది 6 లక్షల 40 వేలు, అంటే నూటికి 32. దీన్ని ఇకనుంచి "మిగులు" అని పిలుద్దాం. కూర్చుని తినే ఖర్చు, మీ జీతం అద్దెలతో సహా, 5 లక్షల 40 వేలు. అది పోగా లక్ష లాభం.

5,40,000ని 0.32తో భాగిస్తే 16,87,500 వస్తుంది. నెలలో అమ్మకం ఈ గీత దాటేదాకా మీరు అద్దెకీ జీతాలకే పనిచేస్తున్నారు. ఇదే బ్రేక్ ఈవెన్. చాలా చోట్ల 24, 25వ తేదీకి గానీ ఆ గీత రాదు. నెలలో చివరి అయిదారు రోజులే మన లాభం అని ఒకసారి కళ్ళారా చూస్తే, నెలాఖరున సేల్స్‌మన్ అడిగిన స్కీముకు తలూపేముందు చెయ్యి ఆగుతుంది.

3. సరుకు సరుకుకూ మిగులు రాయండి

ఈ పనికి ఎక్కువ సమయం ఇవ్వండి. డబ్బు దొరికేది ఎక్కువగా ఇక్కడే.

250 గ్రాముల ఆవకాయ సీసాకు డిస్ట్రిబ్యూటర్ దగ్గర మనకు 90 రూపాయలు వస్తుంది. లోపలి సరుకు 40, సీసా మూత లేబుల్ 14, పెట్టె, రవాణా 6. మిగులు 30. 200 గ్రాముల కందిపొడి ప్యాకెట్‌కు మనకొచ్చేది 75. సరుకు 34, పౌచ్ 5, రవాణా 3. మిగులు 33. పేరు ఆవకాయది, డబ్బు కందిపొడిది. పైగా పొడి సీజన్ కోసం ఆగదు, నూనె కారదు, పగలదు. ఈ లెక్క రాసేదాకా ఇలాంటి కంపెనీ యజమాని సేల్స్‌మన్‌తో కందిపొడి గురించి ఒక్కసారి కూడా మాట్లాడి ఉండడు.

కిలోకు ఎంత మిగులుతుందో చూడటం ఒక్కటే సరిపోదు. మీ దగ్గర ఏది ఇరుకుగా ఉందో దాని మీద ఎంత మిగులుతుందో చూడాలి. పిండివంటల దగ్గర ఇరుకు మనుషుల చేతులు. పొయ్యి దగ్గర ఆరుగురు ఉంటే గంటకు 4 కిలోల అరిసెలు వస్తాయనుకోండి, కిలోకు మిగులు 90. గంటకు 360. అదే మనుషులు, అదే పొయ్యి మీద పప్పుచెక్కలైతే గంటకు 9 కిలోలు, కిలోకు మిగులు 55. గంటకు 495. అరిసె కిలో మీద గొప్పగా కనిపిస్తుంది, గంట మీద ఓడిపోతుంది. అలాగని సంక్రాంతికి అరిసెలు మానేయమని కాదు. ఆ వారం అరిసె కోసం వచ్చినవాడే మిగతావి కూడా కొంటాడు. కానీ జూలైలో కూడా ఆ పొయ్యి మీద అరిసెలే వండుతుంటే ఎందుకని అడగాలి.

మీ దగ్గర 40 రకాలు ఉంటే, మిగులు ప్రకారం పైనుంచి కిందికి రాయండి. అట్టడుగున ఎప్పుడూ ఏడెనిమిది ఉంటాయి: బావగారు అడిగారని మొదలుపెట్టినవి, ఎగ్జిబిషన్ కోసం చేసినవి. వాటికోసం లేబుళ్ళు అయిదువేలు కొట్టించి ఉంటారు, గోడౌన్‌లో ఒక అరంతా వాటిదే. లేబుళ్ళు అయిపోయేదాకా అని ఎవరూ ఆపరు. ఆ లేబుళ్ళ డబ్బు ఎప్పుడో పోయింది. ఆపేయండి.

4. పార్టీ పార్టీకీ ఇదే లెక్క

పెద్ద సూపర్‌మార్కెట్ చెయిన్‌కి నెలకు 3 లక్షల సరుకు వెళ్తోంది. ఆఫీసుకు ఎవరొచ్చినా ముందు ఆ పేరే చెప్పుకుంటాం. 32 శాతం చొప్పున మిగులు 96 వేలు ఉండాలి. ఇప్పుడు తీసివేతలు చూడండి. గడువు దాటిందని తిరిగొచ్చిన సరుకు 5 శాతం, 15 వేలు. స్కీములు 4 శాతం, 12 వేలు. 75 రోజుల అరువు, ఓడీ వడ్డీ 12 శాతం లెక్కన దాదాపు రెండున్నర శాతం, 7,500. స్టోరులో మన సరుకు ముందు నిలబడే అమ్మాయి జీతం 18 వేలు. చివరికి 43,500. నూటికి పద్నాలుగున్నర.

కొత్తగూడెంలో ఒక చిన్న డిస్ట్రిబ్యూటర్ నెలకు 80 వేల సరుకు తీసుకుని పది రోజుల్లో డబ్బు పంపిస్తాడు. వాపసులు లేవు. అతని మీద 25 వేలు మిగులుతోంది. చెయిన్ అమ్మకంలో మూడోవంతు కూడా లేదు, మిగులు మాత్రం సగానికి పైనే. మరి మన సేల్స్ మేనేజర్ ఏడాదిలో కొత్తగూడెం ఎన్నిసార్లు వెళ్ళాడు? ఒక్కసారి, అదీ పెళ్ళికి వెళ్తూ.

చెయిన్‌ను వదిలేయమని నేను అనను. అక్కడ కనిపించడం వల్లే చిన్న షాపులవాళ్ళు మన సరుకు అడుగుతారు. కానీ వచ్చే ఒప్పందంలో వాపసులు 2 శాతం మించితే వాళ్ళే భరించాలని రాయించండి, అమ్మకం లేని స్టోర్లలో మనిషిని తీసేయండి. ఈ లెక్క కాగితం మీద పెట్టుకుని మాట్లాడితే వాళ్ళ కొనుగోలు మేనేజర్ కూడా వింటాడు. "మాకు గిట్టుబాటు కావట్లేదండీ" అన్న మాటను మాత్రం ఆయన రోజుకు పదిసార్లు వింటుంటాడు.

అమ్మకంలో మూడోవంతు ఒకే పార్టీ మీదో, ఒకే దారి మీదో ఉంటే దాన్ని ఎర్ర సిరాతో గుర్తుపెట్టండి. అమెరికాలో ఉన్న మనవాళ్ళకు పచ్చళ్ళ పార్సిళ్ళు పంపడమే ప్రధాన వ్యాపారంగా పెట్టుకున్నవాళ్ళకు ఇది 2025లో బాగా తెలిసొచ్చింది. 800 డాలర్ల లోపు పార్సిళ్ళకు సుంకం లేకుండా ఉన్న వెసులుబాటును అమెరికా ఆ ఏడాది ఆగస్టు 29 నుంచి ఎత్తేసింది. సరుకు అదే, కస్టమర్ అదే, లెక్క రాత్రికి రాత్రి మారిపోయింది.

5. కారుతున్న చోటు వెతకండి

ఆఫీసులో కూర్చుంటే ఇది దొరకదు. ఒక రోజంతా ప్యాకింగ్ గదిలో నిలబడాలి.

ఒక యూనిట్‌లో నేను అలాగే నిలబడి, సిద్ధమైన ఆవకాయ సీసాలు ఇరవై తీసి కాటా మీద పెట్టించాను. ఖాళీ సీసా బరువు తీసేస్తే లోపల ఉండాల్సింది 250. ఒకటి 258, ఒకటి 266, ఒకటి 261. సగటు 262. ప్యాకింగ్ చేసే ఆవిడని అడిగాను. "తక్కువైతే మీరు తిడతారు కదా సార్, ఎక్కువైతే ఎవరూ ఏమీ అనరు" అంది. ఆవిడ మాటలో తప్పేం లేదు. కాసేపు చూస్తే అసలు సంగతి కూడా తెలిసింది. ఒక్కో మామిడి ముక్క పదిహేను, ఇరవై గ్రాములుంది. కాటా మీద 245 చూపిస్తుంటే ఆవిడ చేతిలో ఉన్నది ఇంకో ముక్క, అది వేయగానే 262.

సీసాకు 12 గ్రాములు. సరుకు ఖర్చు కిలోకు 160 చొప్పున 1 రూపాయి 92 పైసలు. నెలకు పదివేల సీసాలకు 19,200 రూపాయలు. ఏడాదికి 2 లక్షల 30 వేలు మనం ఎవరికీ చెప్పకుండా, ఎవరూ థాంక్స్ చెప్పకుండా పంచిపెడుతున్నాం. పరిష్కారానికి అయిన ఖర్చు ఒక స్టీలు గిన్నె. చిన్న ముక్కల్ని ఏరి ఆ గిన్నెలో వేసి, చివరి తూకానికి అవే వాడమన్నాం. ఊట, నూనె ఆఖర్న పోయమన్నాం. ఒక్క జాగ్రత్త: తూకం ప్రకటించిన దానికంటే తగ్గకూడదు, అది తూనికలు కొలతల శాఖతో గొడవ, కస్టమర్‌తో అంతకంటే పెద్ద గొడవ. సగటు 252, 253 దగ్గర నిలబెడితే చాలు.

మీ వ్యాపారంలో ఈ 12 గ్రాములు ఏ రూపంలో ఉందో మీరే కనిపెట్టాలి. ప్రెస్‌లో అయితే వేస్టు కాగితం, హోటల్లో అయితే తిరిగొచ్చే అన్నం, సాఫ్ట్‌వేర్ సర్వీసులో అయితే బిల్లు వేయకుండా చేసిపెట్టే చిన్న చిన్న మార్పులు. పచ్చళ్ళలో రెండో పెద్ద కారుడు మూత దగ్గర. ఒక్క సీసా నూనె కారితే పెట్టెలో మిగతా ఇరవై మూడు సీసాల లేబుళ్ళు పాడవుతాయి. దీన్ని చాలామంది ఖాతాలో "డిస్కౌంట్" కింద రాసేస్తారు. అలా రాస్తే ఆ నష్టం ఎప్పటికీ కనిపించదు. డ్యామేజీకి విడిగా ఒక ఖాతా తెరవండి.

పన్ను వైపు కూడా ఒక చూపు వేయండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి పచ్చళ్ళు, మిక్చర్ లాంటి వాటి మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. సీసాల మీద మాత్రం మనం 18 శాతం కడుతున్నాం. కట్టిన పన్ను క్రెడిట్ (కొన్నప్పుడు కట్టి, అమ్మినప్పుడు తగ్గించుకోవాల్సిన పన్ను) పేరుకుపోతుంటే రీఫండ్ దారి ఉందేమో ఆడిటర్ గారిని అడగండి. అది కంప్యూటర్‌లో ఉన్న అంకె అనుకోవద్దు, మీ డబ్బే.

6. ధర విషయంలో భయం తగ్గించుకోండి

ముందు ఒక పాత పొరపాటు. వంద ఖర్చు మీద పాతిక వేసుకుని 125కి అమ్మేవాళ్ళు "మాకు 25 శాతం మార్జిన్" అంటారు. అమ్మకం మీద చూస్తే అది 20 శాతమే. అందుకే "మాకు పాతిక ఉంది కదా, ఇరవై తగ్గిద్దాం" అని 20 శాతం డిస్కౌంట్ ఇస్తే చేతికి వచ్చేది సరిగ్గా ఆ వందే.

మన కంపెనీకి నూటికి 32 మిగులు. 10 శాతం తగ్గిస్తే 90కి అమ్ముతాం, ఖర్చు 68 అలాగే ఉంటుంది, మిగిలేది 22. ముందు సంపాదించినంతే సంపాదించాలంటే 45 శాతం ఎక్కువ సరుకు అమ్మాలి. "మూడు కొంటే ఒకటి ఫ్రీ" ఇంకా దారుణం. ఫ్రీ ఇచ్చింది ఒకటే అనిపిస్తుంది గానీ అది 25 శాతం తగ్గింపు. మిగిలేది ఏడు రూపాయలు. నాలుగున్నర రెట్లు అమ్మితే గానీ సరిపోదు. దసరా ఆఫర్ అని ఇది పెట్టి, రేయింబవళ్ళు పనిచేసి, ఓవర్‌టైమ్ ఇచ్చి, నెలాఖరుకు నష్టపోయినవాళ్ళని చూశాను.

తిరగేసి చూడండి. 5 శాతం పెంచితే మిగులు 37. అమ్మకం పదమూడు శాతం పడిపోయినా మన డబ్బు తగ్గదు. అంత పడిపోతుందా? మీ సరుకును పేరు పెట్టి అడిగే కస్టమర్లు ఉన్నచోట పడదు. పక్కనే అచ్చం అలాంటిదే నాలుగు కంపెనీల సరుకు ఉన్నచోట పడొచ్చు. కాబట్టి అన్నీ ఒకేసారి పెంచొద్దు. గట్టిగా పోయే రెండు మూడు సరుకుల మీద, ఒక జిల్లాలో, సీసాకు రెండు రూపాయలు పెంచి రెండు నెలలు చూడండి. డిస్ట్రిబ్యూటర్‌కు పది రోజుల ముందు ఫోన్ చేసి చెప్పండి. బిల్లు చూసి తెలుసుకుంటే ఎవరికైనా కోపం వస్తుంది.

7. లాభం వేరు, నగదు వేరు

ప్లాన్‌లు ఎక్కువగా ఇక్కడ బోల్తా కొడతాయి. మిర్చి గుంటూరు యార్డుకు ఎక్కువగా ఫిబ్రవరి నుంచి మే దాకా వస్తుంది. ఆవకాయ కాయ ఏప్రిల్, మే. అంటే ఏడాది సరుకు డబ్బు మూడు నెలల్లో బయటికి పోయి, పది నెలల పాటు చిన్నచిన్నగా వెనక్కి వస్తుంది. నెలల వారీగా డబ్బు రాక, పోక పన్నెండు గళ్ళలో రాసి, ఏ నెలలో గొయ్యి ఎంత లోతుందో చూడండి. ఆ లోతుకు సరిపడా సీసీ లిమిట్ (బ్యాంకు ఇచ్చే క్యాష్ క్రెడిట్ అప్పు పరిమితి) జనవరిలోనే అడగాలి. మేలో పరుగెత్తితే బ్యాంకు మేనేజర్ కాగితాలు అడుగుతాడు, బయట నూటికి మూడు రూపాయల వడ్డీ అడుగుతారు.

మిర్చి రేటును నమ్ముకుని మాత్రం ప్లాన్ వేయొద్దు. 2023లో క్వింటాలు 20 వేలు దాటి పలికిన సరుకు, 2025 మొదట్లో ఎంత పడిందంటే కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద 11,781 రూపాయల ధర ప్రకటించాల్సి వచ్చింది. కిలో ఆవకాయలో 120 గ్రాముల కారం పడుతుందనుకుంటే, కారం కిలోకు వంద పెరిగితే సీసాకు 3 రూపాయలు. 30 రూపాయల మిగులులో పదోవంతు.

రావాల్సిన బాకీల మాటకొస్తే, మీది తయారీ లేదా సర్వీసు చేసే సూక్ష్మ, చిన్న సంస్థ అయితే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకు కేంద్రం ఇచ్చే నమోదు) చేయించుకుని ఆ నంబరు ప్రతి బిల్లు మీద అచ్చు వేయించండి. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజుల్లోపు, లేకపోతే 15 రోజుల్లోపు మీకు డబ్బు ఇవ్వాలి. దాటితే రిజర్వ్ బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. 2023-24 నుంచి ఆదాయపు పన్నులో ఇంకో ముడి కూడా పడింది: గడువులో ఇవ్వకపోతే, ఇచ్చిన ఏడాదిలోనే వాళ్ళు దాన్ని ఖర్చుగా చూపించుకోగలరు. ఫిర్యాదు దాకా వెళ్తే పార్టీ పోతుంది, అందరికీ తెలుసు. అందుకని దీన్ని కర్రలా కాకుండా గుర్తు చేయడానికి వాడండి. ఫిబ్రవరి చివర్లో వాళ్ళ అకౌంట్స్ డిపార్ట్‌మెంట్‌కి "మార్చి 31 లోపు మా బాకీ తేలిస్తే మీకూ పన్ను ఇబ్బంది ఉండదండీ" అని ఒక మర్యాదైన మెయిల్ పెట్టండి. పనిచేస్తుంది. కొని అమ్మే వ్యాపారులకు మాత్రం ఈ గడువు రక్షణ వర్తించదు.

8. ఇప్పుడు పేజీ రాయండి

ఇన్ని లెక్కలయ్యాక అసలు ప్లాన్ ఒక్క పేజీలో అయిపోతుంది. పైన ఒకే వాక్యం: వచ్చే మార్చికి నెల లాభం లక్ష నుంచి 2 లక్షలు. జీతాలు ఎలాగూ పెంచాలి, దానికి 20 వేలు. అంటే నెలకు లక్షా 20 వేలు కొత్త మిగులు దొరకాలి.

అమ్మకంతోనే తేవాలంటే 3 లక్షల 75 వేలు ఎక్కువ అమ్మాలి. 60 రోజుల అరువు మీద అమ్మితే ఏడున్నర లక్షలు బయట ఇరుక్కుంటాయి. అంత రొటేషన్ డబ్బు మన దగ్గర లేదు. అందుకని ముందు ఇంట్లో ఉన్నది ఏరుకుందాం. తూకంలో 19 వేలు కనిపించింది, 15 వేలే రాయండి. చెయిన్ వాపసులు, ఒక స్టోరులో మనిషి తగ్గింపు కలిపి 15 వేలు. పదివేల సీసాల మీద రెండు రూపాయలంటే 20 వేలు, కొంత అమ్మకం తగ్గొచ్చు కాబట్టి 15 వేలు. అట్టడుగు సరుకులు ఆపి ఆ చోటు కందిపొడికి ఇస్తే 10 వేలు. మొత్తం 55 వేలు. మిగతా 65 వేలకు 2 లక్షల పైచిలుకు కొత్త అమ్మకం చాలు, అదీ కొత్తగూడెం లాంటి నగదు పార్టీల దగ్గర, పొడుల్లో.

ప్రతి వరుస ఎదురుగా ఒక మనిషి పేరు, ఒక తేదీ ఉండాలి. "అందరూ చూసుకోవాలి" అని రాసినది ఎవరూ చూసుకోరు. పేజీ అడుగున ఒక చెడ్డ ఏడాది లెక్క కూడా వేయండి: కారం కిలోకు వంద పెరిగితే నెలకు 30 వేలు పోతాయి, ధర పెంపుతో తెచ్చింది మొత్తం అందులోనే కొట్టుకుపోతుంది. అప్పుడేం చేస్తారో ఇప్పుడే రెండు ముక్కలు రాసిపెట్టుకుంటే ఆ రోజు టెన్షన్ సగం తగ్గుతుంది.

కొత్త ఖర్చు ఏది పెట్టాలన్నా 0.32 పరీక్ష పెట్టండి. సేల్స్‌మన్ జీతం 25 వేలు, తిరుగుడు ఖర్చు 12 వేలు, మొత్తం 37 వేలు. అతను నెలకు లక్షా 16 వేల కొత్త అమ్మకం తెస్తే సమానం, ఆ పైన తెచ్చిందే లాభం. ఆరు నెలల గడువు ఇవ్వండి. 8 లక్షల ఫిల్లింగ్ మిషన్‌కు 11 శాతం వడ్డీతో అయిదేళ్ళ కిస్తీ నెలకు దాదాపు 17,400. దానికి 54 వేల కొత్త అమ్మకమో, కిస్తీ అంత జీతాల ఆదానో ఎక్కడుందో చూపించగలిగితేనే కొనండి. సబ్సిడీ వస్తుందని మిషన్ కొనడం, డిస్కౌంట్ ఉందని చీర కొనడం ఒకటే.

9. నెలకోసారి కూర్చోండి

ప్రతి నెలా పదో తేదీలోపు, గంటసేపు, ఫోన్లు పక్కన పెట్టి. చూడాల్సినవి అయిదే: నూటికి మిగులు ఎంత, కూర్చుని తినే ఖర్చు ఎంత, సగటున ఎన్ని రోజులకు డబ్బు వస్తోంది, వాపసులు డ్యామేజీ ఎంత, తూకం సగటు ఎంత. ప్లాన్‌లో రాసినది పక్కన, జరిగినది పక్కన. రెండు నెలలు వరుసగా తేడా వస్తే కారణం వెతకండి, మూడో నెలా వస్తే ప్లాన్‌లోని అంకె మార్చండి. మార్చడం నామోషీ కాదు. మార్చి, ఎందుకు మార్చారో పక్కన రాయండి.

మేలో ఈ కూర్చోవడం తప్పిపోతుంది. కాయ లారీలు, కూలీలు, ఎండ, నిద్ర ఉండదు. ఆ నెలకు మాత్రం ఈ పని ఇంకొకరికి అప్పగించండి. తూకాల యూనిట్‌లో ఆ పని ప్యాకింగ్ ఆవిడే తీసుకుంది. పోయిన వేసవిలో నేను వెళ్ళేసరికి కాటా పైన గోడకు పిల్లల పలక ఒకటి తగిలించి ఉంది. దాని మీద సుద్దముక్కతో తేదీ, కింద 252 అని రాసి ఉంది. చిన్న ముక్కల గిన్నె పక్కనే ఉంది, మీద మూత పెట్టి.